షిప్‌మెంట్ గడువు ఎవరి నడుం మీద?

ఎగుమతి దుస్తుల ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల గురించి మనం చాలానే మాట్లాడుకున్నాం. చాలీచాలని జీతాలు, పీఎఫ్, మరుగుదొడ్డికి వెళ్లడానికి కూడా అనుమతులు, సూపర్‌వైజర్ల తిట్లు, లైంగిక వేధింపులు, హాస్టళ్లలో నిర్బంధం - ఇవన్నీ మన సదస్సుల్లో, కరపత్రాల్లో, తీర్మానాల్లో చోటుచేసుకున్నాయి. అయితే ఆ స్త్రీల నోట మాటిమాటికీ వినిపించే ఒక పదం మీద తగినంత చర్చ జరగలేదు. ఆ పదం 'షిప్‌మెంట్'. ఆదివారం పనికెందుకు వెళ్లావంటే షిప్‌మెంట్ ఉందంటారు. పిల్లవాడికి జ్వరమొస్తే సెలవెందుకు పెట్టలేదంటే షిప్‌మెంట్ ఉంది, ఇవ్వలేదంటారు. రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగిన కోడలు అత్తగారికి చెప్పుకునే సంజాయిషీ కూడా అదే. సముద్రాన్ని ఎన్నడూ చూడని హిందూపురం చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ల రోజువారీ జీవితంలోకి ఓడ ఇలా వచ్చి కూర్చుంది.

ఈ మాట వెనక ఉన్నదేమిటో విప్పి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. నా వాదన సూటిగా చెప్తాను. బట్టలు ఏ తేదీకి, ఏ షరతుల మీద ఓడ ఎక్కాలో నిర్ణయించే ఒప్పందం, కార్మిక చట్టాల కంటే బలంగా స్త్రీల పనిగంటల్ని శాసిస్తోంది. ఆ ఒప్పందం కుదిరే చోట కార్మికురాలు ఉండదు, కార్మిక శాఖ ఉండదు, మనమూ ఉండం. దాన్ని మన డిమాండ్లలోకి తీసుకురాకుండా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎంత పోరాడినా అది సగం పోరాటంగానే మిగులుతుంది.

పాత రేవులు, పాత లెక్కలు

ఓడకీ బట్టకీ మన తీరంలో ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం పెట్టింది. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు పర్షియాకీ, ఆగ్నేయాసియా దీవులకీ, ఆ తర్వాత ఐరోపాకీ వెళ్లాయి. ఇంగ్లండులో వాటి మోజు ఎంత పెరిగిందంటే, అక్కడి ఉన్ని, పట్టు పరిశ్రమల ఒత్తిడికి లొంగి పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరోసారి వాటి దిగుమతినీ వాడకాన్నీ కట్టడి చేస్తూ చట్టాలు చేసింది. చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకి వెళ్లాయి. 'రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్' అనే గళ్ల బట్ట పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లింది.

ఈ చరిత్రని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ అందులో నూలు వడికిన స్త్రీ ఎక్కడుందో వెతకం. మగ్గం గుంటలో కూర్చున్న మగవాడు నేతగాడు. ఆసు పోసి, కండెలు చుట్టి, పడుగుకి గంజిపెట్టిన స్త్రీ చేసింది ఇంటిపని, లేకపోతే సాయం. 19వ శతాబ్దంలో అవే సముద్ర మార్గాల మీదుగా లాంకషైర్ మిల్లు నూలు దిగుమతి అయినప్పుడు చౌక నూలుతో నేతగాళ్లు ఎలాగోలా కొంతకాలం నిలదొక్కుకున్నారు. రాట్నం ముందు కూర్చున్న స్త్రీకి ఆ వెసులుబాటు కూడా లేకపోయింది. ఆమె సంపాదన పోయిందని లెక్క రాసినవాళ్లు కూడా తక్కువే. ఎందుకంటే ఆమెది ముందు నుంచీ ఎవరూ లెక్కలో వేసుకోని శ్రమ. అంటే ఓడల వ్యాపారం వల్ల స్త్రీలకి పని దొరకడమూ, పని పోవడమూ కూడా వాళ్ల ప్రమేయం లేకుండానే జరిగాయి. ఈ రెండో విషయం ఇవాళ్టికీ మారలేదు.

పెట్టె చేసిన మార్పు

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుంచి 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 లోహపు పెట్టెల్ని ఎత్తుకుని హ్యూస్టన్‌కి బయల్దేరింది. మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి ఆలోచన అది. సరుకుని బస్తా బస్తాగా, బేలు బేలుగా మోసి ఓడలోకి ఎక్కించే పద్ధతి పోయి, ఫ్యాక్టరీ దగ్గరే నింపి తాళం వేసిన పెట్టెని క్రేనుతో ఎత్తి ఓడ మీద పెట్టే పద్ధతి అక్కడి నుంచి మొదలైంది. ఇవాళ ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం రీత్యా 80 శాతానికి పైగా సముద్రం మీదే నడుస్తోంది. బట్టల్లాంటి సరుకంతా ఈ కంటైనర్లలోనే వెళ్తుంది.

దీన్నొక సాంకేతిక విశేషంగా చదివి వదిలేస్తే దాని అసలు అర్థం మనకి అందదు. ఒక చిన్న లెక్క వేద్దాం. 40 అడుగుల కంటైనర్‌లో 30 వేల టీషర్టులు పడతాయనుకుందాం. సముద్రపు రవాణా ఛార్జీ కంటైనర్‌కి 2,000 డాలర్లనుకుంటే ఒక్కో చొక్కాకి పడేది ఏడు సెంట్లు కూడా కాదు. అంటే కొన్ని రూపాయలు. వేల మైళ్ల దూరం ఇంత చవకైపోయాక కొనే కంపెనీకి ఫ్యాక్టరీ ఎక్కడుందన్నది పెద్ద సమస్య కాదు. అక్కడ కూలి ఎంత, సంఘం ఉందా లేదా, చట్టం ఎంత సడలుతుంది అన్నవే మిగిలిన ప్రశ్నలు. దూరం ఖర్చు తగ్గిపోవడం వల్లే ఢాకాలో కుట్టే స్త్రీనీ, తిరుప్పూరులో కుట్టే స్త్రీనీ, అచ్యుతాపురంలో కుట్టే స్త్రీనీ ఒకరికొకరు పోటీగా నిలబెట్టడం సాధ్యమైంది.

2021లో కరోనా కాలపు గందరగోళంలో ఇదే ఛార్జీ ప్రపంచ సగటున 40 అడుగుల కంటైనర్‌కి పదివేల డాలర్లు దాటింది. ఓడల కంపెనీలు కనీవినీ ఎరుగని లాభాలు చేసుకున్నాయి. అప్పుడు కూడా చొక్కాకి పెరిగింది పాతిక, ముప్ఫై సెంట్లే. అంత పెరుగుదలని భరించగలిగిన వ్యాపారం, కుట్టుకూలి పెంచమంటే మాత్రం గిట్టుబాటు కాదంటుంది. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడమని నేను కోరుతున్నాను.

కాగితంలో ఏముంది?

మన ఫ్యాక్టరీల నుంచి వెళ్లే బట్టల్లో ఎక్కువ భాగం 'ఎఫ్‌ఓబీ' అనే షరతు మీద అమ్ముడుపోతుంది. 'ఫ్రీ ఆన్ బోర్డ్' అనే మాటకి ఇది పొట్టి రూపం. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936 నుంచీ ప్రచురిస్తూ వస్తున్న వాణిజ్య షరతుల్లో ఇదొకటి. సరుకు రేవులో ఓడ ఎక్కేదాకా ఖర్చు, నష్టం, బాధ్యత అన్నీ అమ్మేవాడివి. ఎక్కిన తర్వాత కొనేవాడివి. ఓడని ఎంచుకునేదీ, సముద్రపు ఛార్జీ కట్టేదీ కొనే కంపెనీయే. గుడ్డ కొనడం, కత్తిరించడం, కుట్టడం, ఇస్త్రీ, ప్యాకింగ్, రేవు దాకా లారీ కిరాయి, కస్టమ్స్ పని - ఇవన్నీ ఫ్యాక్టరీ ఖాతాలోకి వస్తాయి.

సరుకు ఓడ ఎక్కిందనడానికి ఓడ కంపెనీ ఇచ్చే రసీదుని 'బిల్ ఆఫ్ లేడింగ్' అంటారు. ఆ కాగితం చేతికొస్తేనే ఫ్యాక్టరీకి డబ్బు అడిగే హక్కు వస్తుంది. బ్యాంకు ద్వారా లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంటే అందులో ఆఖరి షిప్‌మెంట్ తేదీ రాసి ఉంటుంది. బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఒక్కరోజు అటుగా పడినా బ్యాంకు చెల్లింపు ఆపేయవచ్చు. బ్యాంకు హామీ లేని లావాదేవీల్లో పరిస్థితి ఇంకా ఘోరం. సరుకు చేరిన 60 రోజులకో 90 రోజులకో కంపెనీ డబ్బు పంపుతుంది. గడువు తప్పితే కొనేవాడికి మూడు దారులుంటాయి: ధరలో కోత పెట్టడం, ఫ్యాక్టరీ సొంత ఖర్చు మీద విమానంలో పంపమనడం, ఆర్డరే రద్దు చేయడం. విమానం ఖర్చు ఓడ ఖర్చుకి ఎన్నో రెట్లు. ఒక్క ఆర్డరు విమానం ఎక్కితే ఆ ఆర్డరు మీద లాభమంతా పోయి, అదనంగా చేతి డబ్బు పడుతుంది.

ఇక ఆలస్యం ఎందుకవుతుందో చూడండి. శాంపిల్‌కి ఆమోదం ఇవ్వడానికి కంపెనీ వారాలు తీసుకోవచ్చు. మధ్యలో రంగు మార్చమనవచ్చు. వాళ్లు చెప్పిన చోటే కొనాల్సిన జిప్పులో, బొత్తాలో సమయానికి రాకపోవచ్చు. ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక 2023 చివరి నుంచీ ఐరోపా వెళ్లే ఓడలు ఆఫ్రికా దక్షిణ కొసని చుట్టి వెళ్లాల్సి వచ్చి ప్రయాణం సుమారు రెండు వారాలు పెరిగింది. 2021 మార్చిలో 'ఎవర్ గివెన్' ఓడ సూయజ్ కాలువకి అడ్డం పడి ఆరు రోజులు ప్రపంచాన్ని ఆపేసింది. కారణం ఏదైనా దుకాణంలో బట్టలు వేలాడాల్సిన రోజు మాత్రం ముందే రాసిపెట్టి ఉంటుంది. పోయిన రోజుల్ని ఎక్కడో ఒకచోట తిరిగి పూడ్చుకోవాలి.

ఎక్కడ పూడ్చుకుంటారు? ఓడ ఆగదు. బ్యాంకు ఆగదు. గుడ్డ మిల్లు తన గడువుని తగ్గించుకోదు. ఈ గొలుసు మొత్తంలో సాగదీయడానికి వీలైనది ఒక్కటే కనిపిస్తుంది, అది కుట్టు లైనులో కూర్చున్న స్త్రీ సమయం. గంటకి 80 పీసులున్న టార్గెట్ 100 అవుతుంది. ఐదున్నరకి మోగాల్సిన బెల్లు ఎనిమిదింటికి మోగుతుంది. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లని వైద్యులు వ్యక్తిగత శుభ్రతకి సంబంధించిన సమస్యగా రాసుకుంటారు. షిప్‌మెంట్ తేదీని ఆ కేసు షీటులో ఎవరూ రాయరు.

సాగే సమయం ఎవరిది?

యాజమాన్యాలు ఈ పనికి స్త్రీలనే ఎందుకు ఎంచుకుంటాయన్న ప్రశ్నకి 'సన్నని వేళ్లు, ఓపిక' అన్న జవాబు ఎప్పటినుంచో ఉంది. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ జవాబు ఎంత బూటకమో చూపించారు. ఆ నైపుణ్యం పుట్టుకతో వచ్చింది కాదు, ఇంట్లో ఆడపిల్లకి నేర్పినది. ఇంట్లో నేర్పింది కాబట్టే దానికి విలువ కట్టనక్కర్లేదని మార్కెట్ అనుకుంటుంది. షిప్‌మెంట్ విషయంలో నేను దీనికి ఇంకొకటి చేర్చదలుచుకున్నాను. స్త్రీ సమయం సాగుతుందన్న నమ్మకం కూడా ఇంటి నుంచే వచ్చింది. చుట్టాలొస్తే వంట రెండింతలు చేస్తుంది. పిల్లలకి పరీక్షలుంటే తెల్లారగట్ల లేస్తుంది. ఎవరికి జబ్బు చేసినా ఆమె నిద్రే తగ్గుతుంది. ఎంత పని వచ్చిపడినా ఆమె రోజులో చోటు దొరుకుతుందన్న ఈ కుటుంబ నీతిని ఫ్యాక్టరీ యథాతథంగా తెచ్చుకుంది.

అందుకే షిప్‌మెంట్ వారం వచ్చినప్పుడు రెండు వ్యవస్థలు ఒకే మనిషి మీద ఒకేసారి పని మోపుతాయి. ఫ్యాక్టరీలో మూడు గంటలు పెరిగినంత మాత్రాన ఇంట్లో మూడు గంటలు తగ్గవు. నేను మాట్లాడిన కార్మికురాళ్లలో చాలామంది ఆ వారంలో మూడున్నరకి లేచి మధ్యాహ్నానికీ రాత్రికీ కలిపి ఒకేసారి వండేసి వెళ్తామని చెప్పారు. పెద్దకూతురు బడి మానేసి చిన్నవాళ్లని చూసుకోవడం కూడా ఆ వారాల్లోనే జరుగుతుంది. ఆ ఆడపిల్ల హాజరుపట్టీలో పడే గైర్హాజరుకీ ఎక్కడో రేవులో కట్టిన ఓడకీ సంబంధం ఉందని విద్యాశాఖ గణాంకాలు చెప్పవు. పైగా ఈ అదనపు గంటలకి చట్టప్రకారం రెట్టింపు కూలి ఇవ్వాల్సి ఉన్నా చాలాచోట్ల డబ్బు బదులు 'కాంపాఫ్' అంటూ పని లేని రోజున సెలవిస్తారు. అంటే ఆర్డరు ఉన్నప్పుడు రోజుని సాగదీసి, లేనప్పుడు ఇంటికి పంపి, రెండు వైపులా నష్టం ఆమెకే మిగులుస్తారు.

గడువు ప్రాణం తీసినప్పుడు

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనానికి పగుళ్లు కనిపించాయి. మర్నాడు కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు తెరవలేదు. పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీల కార్మికుల్ని మాత్రం జీతం కోస్తామని బెదిరించి లోపలికి పంపారు. ఆ రోజు 1,134 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది యువతులు. ఆ బ్యాంకు ఉద్యోగుల ప్రాణాలకీ ఈ కుట్టుపని స్త్రీల ప్రాణాలకీ మధ్య తేడా ఎక్కడ పుట్టిందని అడిగితే, వర్గం, లింగం అన్న జవాబులతో పాటు మూడో జవాబు కూడా ఉంది. బ్యాంకుకి ఓడ ఎక్కించాల్సిన సరుకు లేదు.

2020 మార్చిలో ఇంకో ముఖం బయటపడింది. ఐరోపా, అమెరికా దుకాణాలు మూతపడగానే కొనే కంపెనీలు మూడు వందల కోట్ల డాలర్లకు పైగా విలువ చేసే ఆర్డర్లని రద్దు చేశాయనో, ఆపేశాయనో బంగ్లాదేశ్ ఎగుమతిదారుల సంఘం ప్రకటించింది. వాటిలో అప్పటికే కుట్టి పెట్టెల్లో సర్దిన బట్టలు కూడా ఉన్నాయి. ఎఫ్‌ఓబీ షరతు అసలు స్వరూపం ఇక్కడ కనిపిస్తుంది. ఓడ ఎక్కని బట్ట కొనేవాడిది కాదు. కాబట్టి దాన్ని కుట్టిన చేతుల కూలి కూడా అతని బాధ్యత కాదు. లక్షలమంది స్త్రీలు బాకీ జీతం కూడా అందకుండా ఊళ్లకి నడిచారు. ఆ తర్వాత కార్మిక సంఘాలు, వినియోగదారుల బృందాలు కలిసి 'పే అప్' పేరుతో నడిపిన ప్రచారం వల్ల కొన్ని పెద్ద కంపెనీలు తయారైన సరుకుకి డబ్బు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. అంటే కాగితం మీది షరతుని కూడా ఒత్తిడితో మార్చవచ్చు. దీన్ని మనం గుర్తుపెట్టుకోవాలి.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిని పెట్టుబడిదారులకి చూపించేటప్పుడు విశాఖ రేవు ఎంత దగ్గరో ముందు చెప్తారు. రేవుకి దూరాన్ని కొలిచినంత శ్రద్ధగా, వేలమంది స్త్రీలు కూర్చుని కుట్టే హాళ్లకీ రసాయనాల యూనిట్లకీ మధ్య దూరాన్ని కొలిచినట్టు కనిపించదు. 2022 జూన్ 3న, మళ్లీ రెండు నెలలు తిరక్కుండా ఆగస్టు 2న అక్కడ విషవాయువు పీల్చి దుస్తుల యూనిట్ల స్త్రీలు పెద్ద సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లలో గర్భిణులు కూడా ఉన్నారు. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచే, స్త్రీలకి రాత్రి షిఫ్టులు అనుమతించే సవరణలకి ఆమోదం తెలిపింది. దీన్ని స్త్రీలకి సమానావకాశంగా వర్ణించారు. రాత్రిపూట పనిచేసే హక్కు కావాలని మనమూ అడిగాం. కానీ ఇక్కడ ఆ గంట ఎవరి అవసరం కోసం పెరిగింది? గడువులు తరిగిపోయిన పరిశ్రమలో చట్టబద్ధంగా సాగదీయడానికి ఇంకో గంట దొరికింది. మన నినాదాన్ని తీసుకుని వాళ్ల గడువుకి అతికించారు.

అదే సంవత్సరం ఆగస్టు 27న మన దేశపు సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు నిబంధనలో ఒక చిన్న వెసులుబాటు పెట్టారు. ఆ తెల్లవారుజాము గడువుకి ముందే ఓడలోకి ఎక్కిన సరుకు, సెప్టెంబరు 17 లోపు అమెరికాలో దిగుమతి నమోదైతే, దానికి పెరిగిన భాగం వర్తించదు. అంతకు ముందు వారాల్లో ఎగుమతిదారులు సరుకు పంపడానికి తొందరపడ్డారని పత్రికలు రాశాయి. ఆ తొందర ఎవరి రాత్రుల్లో గడిచిందో రాయలేదు. గడువు దాటాక పని తగ్గిన లైన్లలో ఎవరు ఖాళీగా కూర్చున్నారో కూడా పెద్దగా రాయలేదు. రెండు దేశాల ప్రభుత్వాల బేరంలో గీసిన గీత చివరికి ఒక కుట్టు లైను మధ్య నుంచి వెళ్తుంది.

ఒక గట్టి అభ్యంతరం

ఇదంతా విన్నాక కొందరు మిత్రులు అడిగే ప్రశ్న ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ ఫ్యాక్టరీలు రాకముందు ఆ స్త్రీలకి ఉన్నదేమిటి? కూలిపని, బీడీలు, లేకపోతే పైసా రాని ఇంటిచాకిరీ. నెల తిరిగేసరికి తన పేరు మీద బ్యాంకులో డబ్బు పడడం, ఊరు దాటి వెళ్లిరావడం, తోటి ఆడవాళ్లతో బస్సులో కలిసి నవ్వుకోవడం చిన్న విషయాలు కావు. నైలా కబీర్ బంగ్లాదేశ్ కార్మికురాళ్ల గురించి చేసిన పరిశోధనల్లో ఈ మార్పుని గౌరవంగా నమోదు చేశారు. ధనిక దేశాల నుంచి వచ్చే కార్మిక ప్రమాణాల షరతులు పేద దేశాల స్త్రీల ఉద్యోగాలకే ఎసరు పెట్టవచ్చని కూడా హెచ్చరించారు. ఇథియోపియాలో హవాసా పారిశ్రామిక పార్కు సంగతి మన కళ్లముందే ఉంది. చవక కూలి కోసం వచ్చిన కంపెనీల్లో కొన్ని 2021-22లో యుద్ధం, అమెరికా సుంకం రాయితీ రద్దు నేపథ్యంలో వెళ్లిపోయాయి. పని పోయింది అక్కడి యువతులకే.

ఈ హెచ్చరికని నేను ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీలు మూతపడాలన్నది మన డిమాండ్ కాదు, కాకూడదు కూడా. బహిష్కరణ పిలుపుల వల్ల ముందు నష్టపోయేది లైనులో కూర్చున్న మనిషే. కానీ హవాసా నేర్పేది నోరు మూసుకోమన్న పాఠం కాదనుకుంటాను. ఆ స్త్రీలు ఏ సమ్మె చేసినందుకూ కంపెనీలు వెళ్లిపోలేదు. అణిగిమణిగి ఉన్నా వెళ్లిపోయేవాడు వెళ్లిపోతాడు. ఒక్క దేశంలో, ఒక్క ఫ్యాక్టరీలో ఖర్చు పెంచితే ఆర్డరు తరలిపోతుందన్న భయం నిజమే కాబట్టి, మనం అడిగేది ఫ్యాక్టరీని మాత్రమే కాకుండా అన్ని దేశాల్లోనూ ఒకే తరహా షరతులు రాసే కొనుగోలుదారుని కూడా అయి ఉండాలి.

ఇది సాధ్యమేనా అంటే, సముద్రం మీదే ఒక ఉదాహరణ ఉంది. నావికుల్లో స్త్రీలు రెండు శాతం కూడా లేరు. 2021 లెక్కల్లో 1.28 శాతం. ఆ మగ నావికుల కష్టాలు తక్కువేమీ కావు. 2020లో సుమారు నాలుగు లక్షలమంది కాంట్రాక్టు ముగిసినా దిగనివ్వక ఓడల మీదే చిక్కుకుపోయారు. అయినా వాళ్లకి ఒకటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వేదిక మీద ఓడల యజమానులు, నావికుల సంఘాలు కూర్చుని నావికుడికి ప్రపంచవ్యాప్తంగా ఒక కనీస వేతనం నిర్ణయించుకునే పద్ధతి ఉంది. ఏ దేశపు జెండా కట్టినా ఆ అంకెని చూపించి బేరమాడవచ్చు. ఓడ నడిపే మగవాడికి సరిహద్దులు దాటిన కనీస వేతనం ఊహించగలిగిన ప్రపంచం, ఆ ఓడలోని సరుకుని కుట్టిన స్త్రీకి ఎందుకు ఊహించలేకపోయింది? ఆసియాలోని సంఘాలు కలిసి 2009 నుంచీ 'ఆసియా ఫ్లోర్ వేజ్' పేరుతో అడుగుతున్నది ఇదే.

తిరుగు ప్రయాణం

ఓడ కథ దుకాణంతో ముగియదు. వేసుకుని విసిరేసిన బట్టలు మళ్లీ బేళ్లుగా కట్టి అదే సముద్రం మీద తిరిగి వస్తాయి. గుజరాత్‌లోని కాండ్లా మండలిలో ఆ గుట్టల్ని రకాలుగా విడదీసేవాళ్లలో అధికులు స్త్రీలు. పానిపట్టులో వాటిని కత్తిపీటల మీద చీల్చి, బొత్తాలు, జిప్పులు ఊడదీసేదీ స్త్రీలే. ఘనా రాజధాని అక్రాలో కాంటమాంటో అనే పాతబట్టల బజారులో 50 కిలోలు దాటిన బేళ్లని నెత్తిన పెట్టుకుని మోసేది ఉత్తరాది పేద జిల్లాల నుంచి వలసొచ్చిన ఆడపిల్లలు. వాళ్లని కాయాయీ అంటారు. క్రేను ఓడరేవులోని మగకూలీ బరువుని తీసేసింది. రేవు దాటిన తర్వాత ఆ బరువు ఆడపిల్ల మెడ మీదికి వచ్చింది. కుట్టేచోటా, పారేసేచోటా మనకి కనిపించేది ఒకే రకం మనిషి.

మనం చేయగలిగినవి

మొదటిది, కాగితం చదవడం. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే స్త్రీకి ఏ కంపెనీ ఆర్డరు, ఏ స్టైల్ నంబరు, ఎన్ని పెట్టెలు, ఏ దేశపు ఏ రేవుకి వెళ్తున్నాయో తెలుసు. పెట్టె మీద ఆ గుర్తులు అతికించేది ఆమే. రానా ప్లాజా శిథిలాల్లో లేబుళ్లు, ఆర్డరు కాగితాలు వెతికి పట్టుకున్నందువల్లే ఏయే కంపెనీల బట్టలు అక్కడ కుట్టారో రుజువు చేయగలిగారు. అమెరికాకి ఓడల్లో వెళ్లే సరుకు వివరాలు, ఎవరు పంపారు, ఎవరికి పంపారు అన్నది చాలావరకు బహిరంగంగా దొరుకుతాయి. కొన్ని కంపెనీలు తమ ఫ్యాక్టరీల జాబితాలని ప్రకటిస్తున్నాయి. మన శిక్షణ శిబిరాల్లో చట్టాల తరగతితో పాటు బిల్ ఆఫ్ లేడింగ్, పెట్టె గుర్తులు చదివే తరగతి కూడా ఉండాలి. ప్రమాదం జరిగాక వెతకడం కాకుండా ముందే తెలిసి ఉండాలి. ఆ సమాచారం ఇచ్చిన స్త్రీ పేరు బయటికి రాకుండా చూసుకునే బాధ్యత మనది.

రెండోది, కొనుగోలు షరతుల మీద డిమాండ్లు. కొనేవాడి నిర్ణయాల వల్ల ఆలస్యమైతే షిప్‌మెంట్ తేదీ తనంతట తానే జరగాలి. అలాంటి ఆలస్యానికి విమానం ఖర్చు కొనేవాడిదే కావాలి. కుట్టడం మొదలైన ఆర్డరుని రద్దు చేస్తే కూలి మొత్తాన్ని విడిగా చెల్లించాలి. ఇవి అత్యాశలు కావు. భవనాల భద్రత కోసం 2013లో బంగ్లాదేశ్‌లో కుదిరిన ఒప్పందం కొనే కంపెనీలని చట్టబద్ధంగా కట్టిపడేసింది. తమిళనాడులో ఒక యువ దళిత కార్మికురాలి హత్య తర్వాత స్త్రీల నాయకత్వంలోని యూనియన్ పోరాడి 2022లో సాధించిన దిండిగల్ ఒప్పందం, లైంగిక హింసకి ఫ్యాక్టరీతో పాటు కొనే కంపెనీని కూడా జవాబుదారీ చేసింది. అదే దారిలో గడువులు కూడా ఒప్పందాల్లోకి రావాలి. తిట్లూ వేధింపులూ ఎక్కువయ్యేది టార్గెట్ పెరిగినప్పుడే కాబట్టి ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు.

మూడోది, మనకి దగ్గరలో అడగగలిగినవి. షిప్‌మెంట్ రోజుల్లో ఓవర్‌టైముకి ముందురోజే చెప్పి ఇష్టం అడగాలి, వద్దన్నవాళ్ల మీద కక్ష కట్టకూడదు. రెట్టింపు కూలి డబ్బు రూపంలోనే ఇవ్వాలి. ఇంటిదాకా బండి ఉండాలి. క్రెష్ ఆఖరి లైను ఆగేదాకా తెరిచి ఉండాలి. కార్మిక శాఖ తనిఖీలు ముందే చెప్పిన ప్రశాంతమైన రోజుల్లో కాకుండా కంటైనర్ లారీ గేటులో నిలబడ్డ రోజుల్లో జరగాలి.

బలం లేదని అనుకోనక్కర్లేదు. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ తీసుకోవడం మీద కేంద్రం ఆంక్షలు పెట్టినప్పుడు బెంగుళూరు దుస్తుల ఫ్యాక్టరీల స్త్రీలు, పెద్ద యూనియన్ల పిలుపు కోసం చూడకుండా, రోడ్ల మీదికి వచ్చారు. రెండు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. గడువుల మీద నడిచే పరిశ్రమలో పని ఆగితే ఎంత నష్టమో ప్రభుత్వానికీ యాజమాన్యానికీ తెలుసు. గడువు మన మీద ఒత్తిడి అయినట్టే వాళ్ల మీదా ఒత్తిడి. ఈ రెండో సగాన్ని మనం ఇంకా పూర్తిగా వాడుకోలేదు.

హిందూపురంలో, అచ్యుతాపురంలో, సిరిసిల్లలో, హైదరాబాదు చుట్టుపక్కల దుస్తుల యూనిట్లలో పనిచేసే స్త్రీలతో కలిసి నడుస్తున్న మిత్రులు చాలామంది ఈ పత్రిక చదువుతారు. మీ ప్రాంతంలో షిప్‌మెంట్ వారంలో పనిగంటలు ఎలా మారుతున్నాయి, ఓవర్‌టైము ఎలా లెక్కకడుతున్నారు, ఆ వారంలో ఇంట్లో పని ఎవరి మీద పడుతోంది - ఒక నెలపాటు తేదీలతో సహా రాసిపెట్టండి. కార్మికురాళ్లే రాసుకోగలిగితే ఇంకా మంచిది. రెండు మూడు చోట్ల నుంచి అలాంటి డైరీలు వస్తే, వాటిని ఓడల తేదీల పక్కన పెట్టి చూపించడం కష్టం కాదు. కొనే కంపెనీల ముందూ కార్మిక శాఖ ముందూ మనం పెట్టబోయే మొదటి సాక్ష్యం అదే అవుతుంది.